దోషమును ఎవరికి దాచవలెను? ఎవరికి చెప్పవలెను?

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభయందు గావించిన ఉపన్యాస పాఠము)



నేటి మా ప్రసంగ విషయము పాఠశాల వెబ్‌సైటునకు సంబంధించినది. ఇది కంప్యూటరు చదువు చదివిన యువకుల ముచ్చట గదా, మనకెందులకు అని పెద్దలు తలపవచ్చును. కాని బిడ్డను బడిలో చేర్చుటకు దరఖాస్తు పెట్టుట, రుసుము చెల్లించుట, మార్కులు తెలిసికొనుట మొదలగు పనులు నేడు అనేక పాఠశాలలలో వెబ్‌సైటు ద్వారముననే జరుగుచున్నవి. పూర్వము తల్లిదండ్రులు కార్యాలయపు గుమ్మమునొద్ద నిలిచి గుమాస్తాతో మాటాడెడివారు. నేడు గుమాస్తా యున్న చోట ఒక తెర నిలిచినది. ఆ తెర వెనుకనున్న యంత్రము తడబడినపుడు అది మనతో నేమి మాటాడవలెను? ఏమి మాటాడరాదు? ఇదియే మేము విచారింపబూనిన ప్రశ్న.

మా అభిప్రాయమును ముందుగనే మనవి చేసెదము. యంత్రమున పుట్టిన సాంకేతిక దోష సందేశమును వచ్చిన వారికి చూపరాదు. కాని దానిని చంపివేయనురాదు. బాగుచేయువారికి దానిని పూర్తిగా తెలుపవలెను. వచ్చినవారికి వారి భాషలో, వారికి పనికివచ్చు మాట చెప్పవలెను. ఈ రెండును జరిగినపుడే దాచుట ధర్మమగును. ఒకటి తప్పినను అది మోసమో, నిర్లక్ష్యమో అగును.

వెబ్‌సైటు అనునది సర్వరు అను కంప్యూటరుపై నడచును. మనము ఫారము నింపి పంపగా, అచటి ప్రోగ్రాము దానిని చదివి డేటాబేసులోని పట్టికలయందు వ్రాయును. మధ్య ఏ మెట్టున ఆటంకము కలిగినను ప్రోగ్రాము ఒక సందేశమును పుట్టించును. ఏ ఫైలున, ఎన్నవ పంక్తిలో, ఏ పట్టికను తాకబోగా పని ఆగినదో ఆ సందేశము చెప్పును. అది వ్రాసినవానికి అమూల్యమైన సమాచారము. అది లేనిదే చెడినదానిని వెదకుట చీకటిలో సూదిని వెదకుటయే. కాని ఆ సందేశము వాని కొఱకు పుట్టినది. బిడ్డ చేతిని పట్టుకొని వచ్చిన తల్లి కొఱకు పుట్టినది కాదు.

ఇట్టి సందర్భము నొకదానిని భావింపుడు. ఒక తండ్రి ప్రవేశపు ఫారమున తన కుమార్తె పేరును తెలుగు లిపిలో వ్రాసినాడు. యూనికోడు ప్రమాణమునందు 1991 నాటి తొలి కూర్పుననే తెలుగు లిపికి స్థానము లభించినది గావున, నేటి ఫోనులన్నియు తెలుగును చక్కగా పంపగలవు. కాని డేటాబేసును ఏర్పరచినవారు ఆ పట్టికను లాటిన్-1 అను పాత లెక్కలో నుంచిరనుకొనుడు. అది పశ్చిమ యూరపు భాషలకై ఏర్పడినది. దానిలో తెలుగునకు చోటు లేదు. బహుజన వాడుకలోనున్న మైయెస్‌క్యూఎల్ అను డేటాబేసునకు 2018లో 8.0 కూర్పు వెలువడు వరకును ఈ లాటిన్-1 యే సహజముగా నుండు లెక్క. అందుచే ఇది అరుదైన పొరపాటు కాదు. అప్పుడు తెరపై "ఇన్‌కరెక్ట్ స్ట్రింగ్ వాల్యూ" అని ఆరంభమై, కొన్ని సంకేతములతోను, "స్టూడెంట్ నేమ్" అను గడి పేరుతోను కూడిన వాక్యము కనబడును.

ఆ మాటల అర్థమేమి? "ఇది సరికాని విలువ" అని. ఏది సరికానిది? ఆ బిడ్డ పేరు! తరతరములుగా ఇంట పిలుచుకొనుచు వచ్చిన పేరును, మన బడి తెరయే తప్పు అని చెప్పుచున్నది. నిజమునకు తప్పు పేరున లేదు, తండ్రి వ్రాతలో లేదు. పట్టికను కట్టిన తీరులో నున్నది. ప్రోగ్రాము వ్రాసినవాడు ఆ సందేశమును చూచిన క్షణములో ఈ సంగతి గ్రహించును. తండ్రియో, తెలుగులో వ్రాయుట తగదు కాబోలునని భావించి, ఆంగ్లమున వ్రాయును. లేదా ఫోను మూసి మఱియొక బడిని వెదకికొనును. మైనారిటీ భాషను నిలుపుటకై వెలసిన పాఠశాల తలుపునొద్దనే ఆ భాషకు ఇట్టి అవమానము జరుగుట ఎంత విపరీతము!

ఇది మొదటి హాని. రెండవది ఇంతకంటె ప్రమాదకరమైనది. "ఇంటి గుట్టు లంకకు చేటు" అని మన పెద్దలు చెప్పిన సామెత యిచట అక్షరాల వర్తించును. దోష సందేశము ఇంటి గుట్టును బయటపెట్టును. ఏ డేటాబేసు వాడుచున్నారు, దాని కూర్పు ఎంత పాతది, పట్టికల పేర్లేమి, ఫైళ్లు సర్వరులో ఎచట నున్నవి అను వివరములు అందుండును. ఒక్కొకప్పుడు డేటాబేసు పాస్‌వర్డు సైతము కనబడవచ్చును. దుర్జనుడు చిరునామా చివర ఒక కొటేషను గుర్తు చేర్చి పంపి, యంత్రమేమని గొణుగునో వినును. ఆ గొణుగుడు నుండి పట్టిక పేరు తెలిసికొనును. ఆ పేరుతో మఱియొక ప్రశ్న వేయును. ఇట్లు మెట్టుమెట్టుగా లోనికి దిగును. వెబ్‌సైటుల భద్రతను గూర్చి కృషిచేయు ఓవాస్ప్ అను సంస్థ 2004లో ప్రకటించిన పది ముఖ్య దౌర్బల్యముల జాబితాలో, దోషములను సరిగా నిర్వహింపకుండుటయు ఒకటిగా నున్నది.

ఇది ఊహామాత్రము కాదు. కళాకారులకు అభిమానులు ధనసహాయము చేయుటకై అమెరికాలో నడచుచున్న పేట్రియాన్ అను వెబ్‌సైటునకు 2015లో గొప్ప విపత్తు కలిగినది. ప్రోగ్రామరులు తమ పరీక్షకై ఉంచుకొన్న ప్రతి యొకటి అందరికిని అందుబాటులో నుండిపోయెను. దానిలో దోషము కలిగినపుడు తెరచుకొను పుట కేవలము దోషమును చూపునది కాదు. అచటినుండియే సర్వరునకు ఆజ్ఞలిచ్చుటకును వీలైనది. ఆ యేడు దాదాపు 15 గిగాబైట్ల సమాచారము దొంగిలింపబడి బహిరంగమైనది. వంటయింటి తలుపు వీధివైపు తెరచి, దానికి గొళ్లెము లేకుండ నుంచినట్లైనది.

పాఠశాలకు అంత గొప్ప ధనము లేదు గదా, మనలనెవరు దోచుదురని కొందఱనవచ్చును. పాఠశాల డేటాబేసులో ధనముకంటె విలువైనది కలదు. బిడ్డల పేర్లు, పుట్టిన తేదులు, ఇంటి చిరునామాలు, తల్లిదండ్రుల ఫోను సంఖ్యలు అందున్నవి. మన దేశమున 2023లో చేయబడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా ఎంచి, వారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల అనుమతి కావలెనని విధించినది. తగిన భద్రతా చర్యలు తీసికొననివారికి 250 కోట్ల రూపాయల వఱకు జరిమానా విధించుటకు అందు వీలు కలదు. జరిమానాకు వెఱచి కాక, బిడ్డలపై మమకారముచేతనే మనము జాగ్రత్త పడవలెను.

ఇంతవరకు విన్నవారు, "అట్లయిన దోష సందేశములను పూర్తిగా అణచివేసిన సరిపోవును గదా" అని తలపవచ్చును. ఇచటనే మేము తమ్ము కొంచె మాగుమని కోరుచున్నాము. చూపుట ఒక తప్పైన, అణచివేయుట అంతకు మించిన తప్పు.

పైన చెప్పిన తెలుగు పేరు సంగతియే మరల తీసికొందము. మైయెస్‌క్యూఎల్ 5.7 కూర్పు 2015లో వెలువడు వరకు ఆ డేటాబేసు సహజముగా అంత కఠినముగా నుండెడిది కాదు. పట్టికలో ఇముడని అక్షరములు వచ్చినపుడు పనిని ఆపక, ఒక్కొక్క సంకేతమునకు బదులుగా ఒక్కొక్క ప్రశ్నార్థకమును వ్రాసికొని, లోలోన ఒక హెచ్చరికను మాత్రము నమోదుచేసి ఊరకుండెడిది. తండ్రికి "మీ దరఖాస్తు చేరినది" అను మాటయే కనబడును. ఎవరికిని దోషము తెలియదు. కొన్ని నెలల తరువాత జాబితా తీసిచూడగా బిడ్డ పేరున్న చోట వరుసగా ప్రశ్నార్థకములుండును! పోయిన అక్షరములు మరల రావు. మొదటి సందర్భమున తండ్రికి అవమానము కలిగినది. రెండవ సందర్భమున ఎవరికిని తెలియకయే పేరు మాసిపోయినది. ఈ రెంటిలో నేది ఘోరమో తామే నిర్ణయింపుడు.

మన తెలుగునకు సంబంధించిన మఱియొక ఉదాహరణము కలదు. 2018 ఫిబ్రవరిలో, "జ్ఞా" అను అక్షరమును ఒక విశేష క్రమమున కూర్చి పంపినచో ఆపిల్ వారి ఫోనులలో సందేశములు చూపు అప్లికేషనులు హఠాత్తుగా మూతపడుచుండెను. తెరపై కారణము చెప్పు మాట యొక్కటియు లేదు. తెరచిన కొలది మూతపడుటయే. చేతిలోని ఫోను చెడినదని కొందఱు, ఎవరో మాయచేసిరని కొందఱు భావించుట సహజము. ఆ నెల 19వ తేదీన ఆ సంస్థ ఐఓఎస్ 11.2.6 కూర్పును విడుదలచేసి దోషమును సవరించినది. ఒక్క తెలుగక్షరము ప్రపంచమంతటి ఫోనులను తడబడజేసిన ఈ ఉదంతమునుండి మనము గ్రహింపవలసినది యిది: గొణుగుడు ఎట్లు పనికిరాదో, మౌనమును అట్లే పనికిరాదు.

కావున వచ్చినవారికి ఏమి చెప్పవలెను? మొదట దోషములను రెండు తరగతులుగా విభజింపవలెను. ఒకటి, వచ్చినవారు తామే దిద్దుకొనగల దోషము. ఫోను సంఖ్యలో పది అంకెలకు బదులు తొమ్మిది పడినవి; పుట్టిన తేదీ వ్రాయలేదు; ఫొటో మిక్కిలి పెద్దదైనది. వీనిని దాచరాదు. ఏ గడిలో, ఏమి లోపించినది, ఎట్లు దిద్దవలెను అని స్పష్టముగా, ఆ గడి ప్రక్కనే చెప్పవలెను. అంతేకాక, వ్రాసిన తక్కిన వివరములు చెదరకుండ నిలుపవలెను. ఒక్క అంకె తప్పినందులకు ఫారమంతయు మరల వ్రాయించుట కరుణలేని పని.

రెండవది, యంత్రమును నడుపువారు మాత్రమే దిద్దగల దోషము. ఇచట సాంకేతిక వివరము దాచవలెను. దీనికి మనకు తెలిసిన రహదారియే ఉదాహరణము. కోయంబత్తూరు తెలుగువారిలో సుప్రసిద్ధులైన జి.డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని ఊళ్ల నడుమ తామే నడుపుచు రవాణా వృత్తి నారంభించిరి. ఆ దారిన నేడొక బస్సు ఆగినదనుకొందము. డ్రైవరు మెకానిక్కుతో ఇంజను సంగతి పూర్తిగా చెప్పును. చిన్న శబ్దమును గూడ విడువడు. కండక్టరో, లోనున్నవారితో, "బండి ఆగినది, వెనుక మఱియొక బండి వచ్చును, ఈ టిక్కెట్టే చెల్లును" అనును. ప్రయాణికులకు కావలసిన మాట అది. కండక్టరు నోరు విప్పకున్న జనము కలవరపడుదురు. మెకానిక్కునకు సంగతి దాచిన బండి కదలదు. ఎవరికి తగిన మాట వారికి చెప్పుటయే విజ్ఞత.

మన బడి తెరపై కనబడదగిన మాట యిట్లుండవచ్చును: "మన్నింపుడు. మా వెబ్‌సైటులో లోపము కలిగినది. ఇది మీ తప్పు కాదు. మీ దరఖాస్తు మాకు చేరలేదు. పనివేళలలో కార్యాలయమునకు ఫోను చేసి ఈ గుర్తు సంఖ్యను చెప్పుడు. కాగితముపైనను దరఖాస్తు నీయవచ్చును. ఈ లోపము వలన గడువు దాటినను మీ బిడ్డకు నష్టము కలుగనీయము." ఇందు యంత్రము పేరు లేదు, ఫైలు పేరు లేదు. కాని తండ్రి మనస్సులోని ప్రతి ప్రశ్నకును సమాధానము కలదు. దరఖాస్తు చేరినదో లేదో యంత్రమునకే తెలియనిచో, "చేరినదో లేదో కార్యాలయమున విచారింపుడు" అని చెప్పవలెను. దాచుట వేరు, అబద్ధమాడుట వేరు.

ఈ మాట ఏ భాషలో నుండవలెను? తెలుగున నుండవలెనని వేరుగ చెప్పనక్కఱలేదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగు సౌకర్యములు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. బిడ్డకు మాతృభాషలో పాఠము చెప్పు బడి తల్లితో పరభాషలో గొణుగుట యుక్తము కాదు. కాని ఒక సత్యమును మఱువరాదు. 16వ శతాబ్దిలో విశ్వనాథ నాయకుడు మధుర పాలనమును చేపట్టిన కాలమునుండి ఈ సీమల స్థిరపడిన కుటుంబములలో, ఇంట తెలుగు పలుకుచు, చదువుటకు తమిళ లిపిని మాత్రమే ఎఱిగిన తల్లిదండ్రులు అనేకులు. వారిలో కొఱత యేమియు లేదు. చరిత్ర యట్లు నడచినది. అందుచే ఆ సందేశము తెలుగునను, తమిళమునను రెండింటను ఉండవలెను. తెలుగు లిపి రానివారిని తెలుగుబడి తలుపునొద్ద నిలువబెట్టుట మన ఉద్దేశము కారాదు.

తేట తెలుగు వచనమున నాలుగు వాక్యములు వ్రాయుట మనకు కొత్త విద్య కాదు. మధుర నేలిన విజయరంగ చొక్కనాథుని కాలమున (1706-1732) సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతమును తెలుగు వచనమున రచించెను. పద్యమునకే గౌరవమున్న ఆ దినములలో వచనమునకు మధుర ఆస్థానమున ఆదరము లభించినది. అట్టి గడ్డపై నున్న మనకు, కలవరపడిన తల్లికి ధైర్యము చెప్పు వాక్యములు కూర్చుట కష్టము కారాదు.

ఇక వెబ్‌సైటును నిర్వహించువారికి నాలుగు మాటలు. పీహెచ్‌పీ భాషలో నడచు వెబ్‌సైటులందు, దోషములను తెరపై చూపు డిస్‌ప్లే ఎర్రర్స్ అను ఏర్పాటును ఆపివేసి, వానిని నమోదు చేయు లాగ్ ఎర్రర్స్ అను ఏర్పాటును తప్పక నడుపవలెను. మొదటిదానిని ఆపి రెండవదానిని మఱచుటయే మనము పైన చెప్పిన మౌనము. వర్డ్‌ప్రెస్ పై నడచు వెబ్‌సైటులకు 2019లో వెలువడిన 5.2 కూర్పునుండి, ఘోర దోషము కలిగినపుడు వచ్చినవారికి సామాన్యమైన మాట చూపి, నిర్వాహకునికి ఈమెయిలు పంపు ఏర్పాటు కలదు. ఆ ఈమెయిలు చిరునామా నేడు బడిలో పనిచేయుచున్నవారిదేనా యని విచారింపవలెను. ఏనాడో వెడలిపోయిన వారి చిరునామాకు ఉత్తరము పోయిన ఫలమేమి?

నమోదు చేసిన లాగ్ ఫైలును బహిరంగముగా నుంచరాదు. వర్డ్‌ప్రెస్ దోష వివరములను వ్రాయు ఫైలు సహజముగా వెబ్‌సైటు సంచిలోనే యుండును. రక్షణ లేనిచో చిరునామా తెలిసినవారెల్లరు దానిని తెరువగలరు. ముందు తలుపు మూసి పెరటి తలుపు తీసినట్లగును. మఱియు లాగ్ ఫైలులో పాస్‌వర్డులు చేరకుండ చూడవలెను. ట్విట్టరు సంస్థ తన లోపలి లాగ్ ఫైలులో పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్లుగా చేరినవని కనుగొని, 2018 మే నెలలో 33 కోట్లకు పైబడిన తన వాడుకరులను పాస్‌వర్డులు మార్చుకొనుమని కోరవలసి వచ్చినది.

మన్నింపు గోరు పుట డేటాబేసుపై ఆధారపడరాదు. డేటాబేసే పడిపోయినపుడు దానినుండి తీసి చూపవలసిన మాటయు పడిపోవును. కావున ఆ పుట విడిగా సిద్ధముగా నుండవలెను. అంతియే కాక, మనుష్యులకు మెత్తని మాట చూపునపుడు సర్వరు యంత్రములకు 500 లేక 503 అను సంఖ్యను యథాతథముగా పంపవలెను. ఆ సంఖ్యవలననే గూగుల్ వంటి శోధక యంత్రములు ఇది లోపము కలిగిన పుట యని గుర్తించును.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ లాగ్ ఫైలును ఎవరైన చదువుట. ప్రవేశముల కాలమున ప్రతిదినము దానిని చదువు బాధ్యతను ఒకరికి అప్పగింపవలెను. వైద్యునికి రోగము దాచరాదందురు. వైద్యుడు నాడి పట్టకున్నను ఫలితము అదే.

తల్లిదండ్రులు చేయదగినది కూడ కలదు. రుసుము చెల్లించునపుడు లోపము కలిగినచో వెంటనే మరల చెల్లింపకుడు. బ్యాంకు నుండి సొమ్ము పోయినదో లేదో ముందు చూచుకొనుడు. తెరపై గుర్తు సంఖ్య యున్న దానిని, సమయమును వ్రాసికొనుడు. ఫైళ్ల పేర్లతో నిండిన సందేశమేదైన కనబడినచో దాని ఫొటోను వాట్సాప్ బృందములలో పంచక, కార్యాలయమునకు మాత్రమే పంపుడు. సిగ్గుపడి ఊరకుండుట మాత్రము చేయకుడు. మీరు చెప్పిన మాట మీ వెనుక వచ్చు మఱియొక తల్లికి మేలు చేయును.

రాబోవు సర్వసభ్య సమావేశమున మూడు ప్రశ్నలు వేయుడని మా మనవి. వెబ్‌సైటు తడబడినపుడు వచ్చినవారికి ఏమి కనబడును? ఆ దోషము ఎచట నమోదగును? దానిని ఎవరు చదువుదురు? మూడింటికిని సమాధానము దొరకిననాడు, ఏ బిడ్డ పేరైనను తెలుగున వ్రాసి నిర్భయముగా పంపవచ్చును.

 మన పాఠశాల చిరకాలము వర్ధిల్లుగాక!